కార్బురేటరుకు అనుమతి

మావారు పోయాక చర్చివాళ్ళు మా ఇంట్లో ఆదరణ కూడిక జరిపిన రోజున మా కారు కార్బురేటరు పోయింది. దొంగలు ఎత్తుకుపోలేదు. హాల్లో కుర్చీలకు చోటు చాలక మా మరిది ఇమ్మానియేలు మూలల్లో ఉన్న సామానంతా వరండాలోకి చేర్చాడు. అదే సమయానికి పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే బండి మా వీధిలోకి వచ్చింది. లోపల వంటవాడు ఉల్లిపాయలు చాలవంటున్నాడు. ఇమ్మానియేలు రెండు విషయాలనూ కలిపి ఆలోచించాడు. కార్బురేటరు కిరసనాయిల్లో నానుతున్న బిస్కెట్ల డబ్బాను బండివాడికిచ్చి ఉల్లిపాయలు తీసుకున్నాడు.

ఆ ఉల్లిపాయలు మాంసం కూరలోకి వెళ్ళాయి. కూర బాగుందని అందరూ అన్నారు. పాస్టరు గారు మళ్ళీ వడ్డించుకున్నారు.

సాయంత్రం కుర్చీలు తిరిగి పంపించాక డబ్బా కోసం వెతికాను.

"ఆ రేకు డబ్బానా వదినా," అన్నాడు ఇమ్మానియేలు. "అందులో ఏదో తుప్పు ముక్క ఉంటే ఇచ్చేశాను. కిరసనాయిలు మటుకు పారబొయ్యలేదు. సీసాలో పోసి ఉంచాను."

"అది కారుదయ్యా."

"కారు షెడ్డులోనే ఉంది వదినా. ఇందాకే చూసొచ్చాను."

అతని తప్పేమీ లేదు. అన్న పోయిన మనిషి. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ, మంచినీళ్ళు అందిస్తూ, ఏడవడానికి తీరిక లేకుండా తిరిగాడు. కార్బురేటరు అంటే ఏమిటో అతనికి చెప్పాల్సిన మనిషి ఆ రోజు పూలదండ వేసిన ఫోటోలో ఉన్నారు.

మావారు జ్ఞానరత్నం గారు మిషను ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేవారు. ఆ ఆసుపత్రి కట్టించిన దొరసాని డాక్టరమ్మ తన దేశం వెళ్ళిపోతూ షెడ్డులో తన కారు వదిలేసి వెళ్ళింది. వెల్డన్ టెన్ అనే ఇంగ్లీషు కారు. చాలా ఏళ్ళ తర్వాత ఆసుపత్రివారికి జనరేటరు పెట్టడానికి షెడ్డు కావలసి వచ్చి కారును వేలం వేశారు. పాట పాడింది మావారొక్కరే. అయినా ఒకసారి పాడి, ఎవరూ పలకకపోతే, తన పాట మీద తానే మళ్ళీ పాడారు. డాక్టరమ్మ కారు మరీ తక్కువకు పోకూడదన్నారు.

అప్పటికి దానిలో సగం సామాను లేదు. మిగతా సగాన్ని ఆయన ఇంగ్లండులోని ఒక దుకాణం నుంచి పోస్టులో తెప్పించడం మొదలుపెట్టారు. ఆ దుకాణంవారి క్యాటలాగు పల్చటి కాగితం మీద, బైబిలు మందాన ఉండేది. ప్రతి మేకుకూ బొమ్మ, బొమ్మకు నంబరు. రాత్రి భోజనం అయ్యాక ఆయన అది చదివేవారు. ఆర్డరు ఉత్తరం ఆయన రాస్తే ఇంగ్లీషు నేను దిద్దేదాన్ని. నేను హైస్కూల్లో ఇంగ్లీషే చెబుతాను. "అంత దిద్దకు. మరీ బాగుంటే మనకి డబ్బుందనుకుంటారు," అనేవారు.

సరుకు ఓడలో వచ్చేది. పంపామన్న ఉత్తరం ముందు వచ్చి, మేము ఆ సంగతి మరిచిపోయాక పార్సిలు వచ్చేది. ఒకసారి ఎడమ తలుపు పిడి కావాలని రాస్తే కుడి తలుపుది వచ్చింది. పొరపాటయిందని రాశాం. వాళ్ళు ఎంతో చింతిస్తూ మర్యాదగా జవాబు రాసి, మరో కుడి పిడి పంపారు. మళ్ళీ రాశాం. వాళ్ళు మరింత చింతించారు. మా ఇంట్లో కుడి పిడులు పోగుపడ్డాయి. ఎడమ తలుపు మాత్రం లోపలి నుంచి తెరవవలసిందే.

ఇంగ్లండులో దొరకనివి బెజవాడలో కాశిం భాయి గారి దుకాణంలో వెతికేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో నన్ను తీసుకువెళ్ళిన మొదటి ఊరు అదే. ఆ దుకాణంలో ఏది అడిగినా ముందు లేదనే చెబుతారు. తర్వాత టీ తెప్పిస్తారు. టీ తాగి, పిల్లల చదువులూ వానలూ మాట్లాడుకుని, వెళ్ళొస్తామని లేచాక, ఎక్కడో పైన గొలుసుకు వేలాడుతున్న వస్తువును కర్రతో కిందికి దింపి, "ఇదేనా చూడండి," అంటారు. అదే అయ్యేది. బేరం చెయ్యాలంటే టీ తాగిన మొహమాటం అడ్డొచ్చేది.

అలా ఏళ్ళ తరబడి తెచ్చిన సామానుతో కారు పూర్తయింది. ఆఖరున ఇంగ్లండు నుంచి కార్బురేటరు వచ్చింది. దాన్ని విప్పి కిరసనాయిల్లో వేసిన మర్నాడు మావారు ఆసుపత్రిలో చేరారు. కిడ్నీలు అప్పటికే పాడయి ఉన్నాయి. మంచం మీద నుంచి ఒకే మాట అన్నారు. "ఒక్కసారి స్టార్టయితే చాలు. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఇంజను చప్పుడు ఎలా ఉంటుందో విందాం."

కాబట్టి నాకు ఒక కార్బురేటరు కావలసి వచ్చింది. ఇంగ్లండు దుకాణం మూతపడింది. కాశిం భాయి గారికి ఫోను చేశాను.

"లేదు టీచరమ్మా," అన్నారు. ఉందని అర్థమైంది. ఫోనులో టీ ఇవ్వడం కుదరదు కాబట్టి కాసేపు మావారి గురించి మాట్లాడారు. తర్వాత అన్నారు, "గోడౌన్లో ఒక వెల్డన్ ఉంది. విప్పేసిన బండి. దాని కార్బురేటరు మంచిదే. కానీ పంపలేనమ్మా. రూలొచ్చింది. యాభయ్యేళ్ళు దాటిన బండ్ల సామాను ఒకదాన్నించి ఇంకొకదానికి పెట్టాలంటే మండలి పర్మిషన్ కావాలంట."

"ఏ మండలండి?"

"మీ ఊళ్ళోనే పెట్టారంట. మీ అదృష్టం."

ఆ ఏడాది మా ప్రాంతంలో పాత కార్ల మీద ప్రేమ ఎక్కువైంది. ఒక పెద్దమనిషి విదేశంలో పాత కార్ల ఊరేగింపు చూసి వచ్చి, మన సంస్కృతి కూడా చక్రాల మీద నడవాలన్నారు. వారం తిరక్కుండా పురాతన వాహనాల గౌరవ పరిరక్షణ మండలి ఏర్పడింది. మండలికి ఛైర్మను, ఛైర్మనుకు ఒక కొత్త కారు మంజూరయ్యాయి. నియమావళి మాత్రం లేదు. దాన్ని సాయంత్రంలోగా తయారు చేయమని సెక్షనుకు ఆదేశం వెళ్ళింది.

మన కార్యాలయాల్లో కొత్త ఉత్తర్వు ఎవరూ కూర్చుని రాయరు. పాత ఉత్తర్వు తీసి పేర్లు మారుస్తారు. అందులో వింతేమీ లేదు. మా బడిలో సెలవు చీటీలు కూడా అలాగే వస్తాయి. ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లవాడు తన భార్యకు జ్వరంగా ఉన్నందున బడికి రాలేనని రాశాడు. ఇంట్లో వాళ్ళ నాన్న చీటీ చూసి ఎత్తిరాశాడు. నేను సెలవు ఇచ్చాను. సెక్షనులో గుమాస్తాకు కూడా, ఒకచోటి భాగాలు తీసి మరోచోట అమర్చడం, దానికి కమిటీ, కమిటీకి అధికారాలు, అన్నీ సిద్ధంగా ఉన్న ఒక పాత ఉత్తర్వు దొరికింది. రోగి అన్నచోట వాహనం అనీ, ఆసుపత్రి అన్నచోట గ్యారేజీ అనీ, వైద్యుడు అన్నచోట మెకానిక్కు అనీ మార్చి, సాయంత్రానికి సంతకం పెట్టించాడు.

మండలి కార్యాలయంలో సూపరింటెండెంటు కోదండపాణి గారు ఆ ఉత్తర్వు నాకిచ్చి చదువుకోమన్నారు. మొదటి పేజీ చదవగానే తెలిసిన వీధిలోకి వచ్చినట్టనిపించింది. ఈ నిబంధనలన్నీ నాకు కంఠస్థం. మావారికి నా కిడ్నీ ఇస్తానని దరఖాస్తు పెట్టిన రోజుల్లో ఆసుపత్రి వరండాలో కూర్చుని చదివినవే. నేను ఆయన భార్యనని కమిటీకి నమ్మకం కలగడానికి చాలా కాలం పట్టింది. చర్చి వారిచ్చిన పెళ్ళి పత్రం చాలదన్నారు. ఇద్దరూ కలిసి ఉన్న పాత ఫోటో అడిగారు. ఫోటోలో మావారు నవ్వుతున్నారు, నేను నవ్వడం లేదు. ఎందుకు నవ్వలేదో వివరణ రాసిచ్చాను. అనుమతి రావలసి ఉండగా ఆయన వెళ్ళిపోయారు.

"ఇది మనుషుల ఉత్తర్వండి," అన్నాను. "కిడ్నీలది."

కోదండపాణి గారు చిరునవ్వు నవ్వారు. "మొదట్లో అందరూ అలాగే అంటారు మేడం. లోతుగా చదివితే వాహనాలకే ఎక్కువ సరిపోతుంది."

"ఏడో నిబంధనలో మూత్రపిండం అని ఇంకా ఉంది."

"ఉందండి. దాని మీద స్పష్టత కోరుతూ పైకి రాశాం. స్పష్టత వచ్చేవరకు మూత్రపిండం అనగా రేడియేటరుగా భావించవలెనని మౌఖిక ఆదేశం. ఇంతకీ మీకు కావలసిన అవయవం ఏదండి?"

"కార్బురేటరు."

"అది గుండె కిందికొస్తుందా, ఊపిరితిత్తుల కిందికా?"

"గాలీ పెట్రోలూ అందులో కలుస్తాయండి."

"అయితే ఊపిరితిత్తి." ఆయన రాసుకున్నారు. "దాత బతికున్నారా?"

"విప్పేసిన కారండి. ఎన్నో ఏళ్ళుగా బెజవాడ గోడౌనులో ఇటుకల మీద ఉంది."

"మరణ ధ్రువపత్రం ఉందా?"

"లేదు."

"అప్పుడు బతికున్నట్టే లెక్క. బతికున్న దాత అయితే గ్రహీతకు దగ్గరి బంధువై ఉండాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, జీవిత భాగస్వామి, సంతానం. మీ కారుకి ఆ కారు ఏమవుతుందండి?"

రెండూ ఒకే ఫ్యాక్టరీలో, ఒకే ఏడాది తయారయ్యాయని చెప్పాను.

"అంటే కవలలు కావచ్చు," అన్నారు ఆయన, కొంచెం ఆనందంగా. "నిరూపించాలి. కలిసి ఉన్న పాత ఫోటో ఏదైనా తీసుకురండి."

ఇంటికి వచ్చి మావారి క్యాటలాగు తీశాను. మొదటి పేజీలో ఫ్యాక్టరీ ఆవరణ బొమ్మ ఉంది. వెల్డన్ కార్లు వరుసగా నిలబడి ఉన్నాయి. మర్నాడు తీసుకువెళ్ళి చూపించాను. కోదండపాణి గారు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఇందులో మీది ఏదండి?"

"ఎడమ నుంచి రెండోది."

"బెజవాడ వారిది?"

"దాని పక్కది."

"పోలికలు ఉన్నాయి," అని ఒప్పుకున్నారు. ఫోటో మీద గెజిటెడ్ సంతకం కావాలన్నారు. మా హెడ్మాస్టరు గారు సంతకం పెడుతూ, "ఈ కార్లు నాకు వ్యక్తిగతంగా తెలియునని రాయాలా టీచరు గారూ?" అని అడిగారు. రాయాలన్నాను. రాశారు. ఆయన పదవీకాలంలో అంతకంటే పెద్ద అబద్ధాలకు సంతకం పెట్టి ఉన్నారు. అవన్నీ హాజరు శాతాలు.

తర్వాత దాత సమ్మతి. దానికి కోదండపాణి గారు ఒక వీడియో తీసే మనిషితో బెజవాడ వచ్చారు. నేనూ వెళ్ళాను. దాతను ఏకాంతంగా, బలవంతానికి తావులేని వాతావరణంలో విచారించవలెనని ఉత్తర్వులో ఉంది. అందుకని నన్నూ కాశిం భాయి గారినీ గోడౌను బయట నిలబెట్టి తలుపు వేశారు. రేకుల గోడ కాబట్టి మాటలు బాగానే వినిపించాయి.

"మీరు స్వయంగా, ఎవరి ప్రలోభమూ లేకుండా ఈ దానం చేస్తున్నారా?" అని కోదండపాణి గారి గొంతు అడిగింది.

కాశిం భాయి గారు నా వైపు చూశారు. "లోపల ఎవరమ్మా?"

"కారేనండి."

"దాంతోనే మాట్లాడుతున్నాడా?"

"అవునండి."

"మీ మీద కుటుంబసభ్యులెవరైనా ఒత్తిడి తెచ్చారా?" అంది లోపలి గొంతు. కొంచెం ఆగి, "భయపడకుండా చెప్పండి," అని చేర్చింది.

"నా జీవితమంతా ఈ సామాను మధ్యనే కూర్చున్నాను," అన్నారు కాశిం భాయి గారు. "ఒక్కరోజు పలకరించిన పాపాన పోలేదు. ఆఫీసరొస్తే మటుకు మాట్లాడుద్దంటారా?"

"మాట్లాడకపోతే మంచిది. మాట్లాడితే మళ్ళీ రావాలంటారు."

కోదండపాణి గారు చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చారు. "దాత మీద ఎలాంటి ఒత్తిడీ లేదండి. చాలా ప్రశాంతంగా ఉన్నారు." కాశిం భాయి గారు టీ తెప్పించారు. ఆపరేషను ముందు రోజు రాత్రి నుంచి దాతకు ఆహారం పెట్టకూడదనీ, ట్యాంకులో పెట్రోలు ఉంటే తీసేయాలనీ కోదండపాణి గారు టీ తాగుతూ హెచ్చరించారు. ట్యాంకే లేదని కాశిం భాయి గారు అంటే, "మంచిది, ముందుజాగ్రత్త తీసుకున్నారు," అన్నారు.

ఇక మిగిలింది గ్రహీత పరీక్ష. దానికి మండలి ఛైర్మను భుజంగరావు గారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. ఆయనకు రైస్ మిల్లులు ఉన్నాయి. పాత కార్ల సంఘానికి కూడా ఆయనే అధ్యక్షులు. షెడ్డు తలుపు తీయగానే కారు మీద చెయ్యి వేసి చుట్టూ తిరిగారు.

"ఈ హెడ్‌లైటు రిమ్ములు ఎక్కడివండి?"

"ఇంగ్లండు నుంచి వచ్చాయి. పోస్టులో."

"డైనమో?"

"అదీ అంతే. ఓడలో వచ్చేసరికి తడిసిపోతే మావారు ఎండలో పెట్టారు."

"నాకూ ఒక వెల్డన్ ఉందండి," అన్నారు భుజంగరావు గారు. "పైన రంగు మటుకే ఉంది. లోపల ఉత్త ఇంజను తప్ప ఏమీ లేదు. ఎంత వెతికినా దొరకలేదు." ఆ మాట ఆయన నిజమైన బాధతో అన్నారు. కారు మీద ప్రేమ ఆయనకు ఉంది. అందులో నాకు అనుమానం లేదు.

నిపుణుల సంఘం సభ్యులుగా ఇద్దరు మెకానిక్కులు వచ్చారు. ఒకరు హెడ్‌లైట్లలోకి టార్చి వేసి చూశారు. స్పందన లేదు. రెండోవారు హారను నొక్కారు. బ్యాటరీ లేదు కాబట్టి అది పలకలేదు. హ్యాండిలు తిప్పారు. ఇంజను కదిలింది గాని అంటుకోలేదు. ఉత్తర్వు ప్రకారం కొంత వ్యవధి తర్వాత మళ్ళీ పరీక్షించాలి. అందుకని అందరూ మా ఇంట్లోనే భోజనం చేశారు. భోజనాలయ్యాక మళ్ళీ టార్చి వేశారు. కోదండపాణి గారు నిలబడి, తలపాగా ఉంటే తీసేవారేమో అన్నంత గంభీరంగా చదివారు.

"వాహనము జీవన్మృత స్థితిలో ఉన్నట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది."

"కార్బురేటరు లేదు కాబట్టి స్టార్టు కావడం లేదండి," అన్నాను. "దాని కోసమే కదా దరఖాస్తు పెట్టాను."

"స్టార్టు కాని వాహనానికి ఊపిరితిత్తి అమర్చకూడదండి. పదకొండో నిబంధన. గ్రహీత ఆపరేషన్ తట్టుకునే స్థితిలో ఉండాలి."

"తట్టుకునే స్థితి అంటే?"

"స్టార్టు కావాలి."

ఆయన గొంతులో ఎగతాళి లేదు. నాకంటే ఎక్కువగా ఆయనే బాధపడుతున్నట్టు కనిపించారు. తర్వాతి పేజీ తిప్పారు. జీవన్మృతిని ధ్రువీకరించిన పిమ్మట ఉపయోగపడే అవయవాలను జాబితాలో మొదట ఉన్న గ్రహీతకు కేటాయించవలెను. జాబితాలో మొదట ఉన్నది భుజంగరావు గారి వెల్డన్. జాబితాలో వేరే కారు లేదు.

"మీవారి పేరు చిరస్థాయిగా నిలిచిపోతుందండి," అన్నారు భుజంగరావు గారు. "ఆయన ఆశయం నా కారులో బతుకుతుంది."

పదమూడో నిబంధన ప్రకారం దగ్గరి బంధువు సమ్మతి లేకుండా ఏ అవయవమూ తీయకూడదని, నేను సమ్మతించడం లేదని చెప్పాను. కోదండపాణి గారు ఆ నిబంధన వెతికారు. చదివారు. మరోసారి చదివారు.

"దగ్గరి బంధువు అంటే వాహనానికి దగ్గరి బంధువండి. మీరు యజమాని గారి భార్య. కారుతో మీకు రక్తసంబంధం లేదు."

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ ఇమ్మానియేలు ముందుకొచ్చాడు. కార్బురేటరు సంగతి తెలిసిన దగ్గర్నుంచి అతను సరిగ్గా నిద్రపోవడం లేదు. "నేను ఒప్పుకోనండి," అన్నాడు.

"మీరు కారుకి ఏమవుతారు?"

"బాబాయినండి. మా అన్నయ్య దీన్ని కన్నకొడుకు లెక్కన చూసుకున్నాడు. అంచేత నేను బాబాయిని."

మెకానిక్కుల్లో ఒకరు నవ్వబోయి ఆగారు. కోదండపాణి గారు మాత్రం నవ్వలేదు. వేలు పెట్టి జాబితా అంతా చూశారు. "తల్లిదండ్రులు, తోబుట్టువులు, జీవిత భాగస్వామి, సంతానం. బాబాయి లేరండి. ఉంటే తప్పకుండా పరిగణించేవాణ్ణి."

"మరి ఎవరండి దీనికి దగ్గర?"

బెజవాడ కవల వేరే ఫైలులో దాత కాబట్టి ఇందులో బంధువుగా పనికిరాదని కోదండపాణి గారు ముందే తీసేశారు. భుజంగరావు గారి వెల్డన్ మా కారుకంటే ఒక ఏడాది ముందు, అదే ఫ్యాక్టరీలో తయారైందని వచ్చిన మెకానిక్కుల్లో ఒకరు గుర్తుచేశారు. అంటే అన్నగారు. అన్నగారి తరఫున సంరక్షకుడుగా భుజంగరావు గారు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టారు. తీసుకునేవారే ఇచ్చేటట్టు సంతకం పెట్టవచ్చునా అని అడిగాను. అటువంటి సంతకం మెకానిక్కు పెట్టకూడదని మాత్రమే ఉందనీ, ఛైర్మను గారు మెకానిక్కు కారనీ కోదండపాణి గారు వివరించారు.

అవయవాలు తీసిన రోజున ఊళ్ళో రోడ్డు ఖాళీ చేయించారు. ఉత్తర్వులో ఆలస్యం పనికిరాదని ఉంది. మా బడి పిల్లలను రోడ్డు పక్కన వరుసగా నిలబెట్టమని సర్క్యులరు వచ్చింది. పిల్లలు రోడ్డు మీదికి రాకుండా చూసే డ్యూటీ నాకు వేశారు. సైరను మోగిస్తూ అంబులెన్సు వచ్చింది. ముందు పోలీసు జీపు, వెనక భుజంగరావు గారి కొత్త కారు. అంబులెన్సులో డైనమో, రేడియేటరు, హెడ్‌లైట్లు, కుడి తలుపు పిడి ఐసు పెట్టెల్లో ఉన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఎవరికండీ సీరియస్?" అని హెడ్మాస్టరు గారు నా పక్కకు వచ్చి అడిగారు.

"మీకు వ్యక్తిగతంగా తెలిసిన కార్లేనండి," అన్నాను.

మావారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళిన రోజున ఇదే రోడ్డు మీద ఊరేగింపు అడ్డం వచ్చి చాలాసేపు ఆగిపోయాం. ఈ రోజు కుక్క కూడా అడ్డం రాలేదు. ఏర్పాట్లు బాగున్నాయి.

ఆ వారంలోనే మండలి నుంచి నాకు ఒక కవరు వచ్చింది. గ్రహీత వాహనానికి ఊపిరితిత్తి అమర్చుకొనుటకు అనుమతించడమైనదని అందులో ఉంది. నా దరఖాస్తు ఫైలు ఒక సీటులో, కారు చనిపోయిన ఫైలు ఇంకో సీటులో నడిచాయి. రెండు సీట్లకూ మాటలు లేవు. కాశిం భాయి గారు అనుమతి చూసి కార్బురేటరు పంపారు. పాత పేపర్లలో చుట్టి, గుడ్డ సంచిలో కుట్టి, పైన చిరునామా మావారి పేరుతోనే రాశారు. ఆ పేరుకి పంపడం ఆయన చేతికి అలవాటు. నేను సంచి విప్పి, దాన్ని కడిగి, తుడిచి, బల్ల మీద పెట్టాను.

తర్వాత ఒక ఆదివారం ఆరాధన అయి ఇంటికి వచ్చేసరికి కోదండపాణి గారు మా వరండాలో కూర్చుని ఉన్నారు. ఇమ్మానియేలు ఆయనకు మంచినీళ్ళు ఇచ్చాడు గాని కుర్చీ ఇవ్వలేదు. ఆయన అరుగు మీద కూర్చున్నారు.

"ఒక చిన్న ఇబ్బంది వచ్చిందండి మేడం. గ్రహీత వాహనం స్టార్టు కావడం లేదు."

"ఛైర్మను గారి కారాండి?"

"గ్రహీత ఎవరో దాత కుటుంబానికి చెప్పకూడదండి."

"ఊరంతా చూశారు కదండి."

"చూడటం వేరు, తెలియజేయడం వేరు." ఆయన గ్లాసు పక్కన పెట్టారు. "దానికి కూడా ఊపిరితిత్తి లేదండి. మొదటినుంచీ లేదట. అడిగినవారు లేరు. ఇప్పుడు అనుమతి ఉన్న ఊపిరితిత్తి ఒక్కటే ఉంది. అది మీ దగ్గరుంది."

"ఇవ్వొద్దు వదినా," అన్నాడు ఇమ్మానియేలు. "ఇవ్వొద్దు. నేను ఒకసారి ఇచ్చి చూశాను."

నేను అప్పటికే ఆలోచించుకుని ఉన్నాను. బల్ల మీద పెట్టిన రోజు నుంచీ అదే ఆలోచన. మా షెడ్డులో ఇంజను ఉంది, దానికి చుట్టూ ఏమీ లేదు. ఛైర్మను గారి కారులో మావారు తెచ్చిన సామానంతా ఉంది, అది పలకడం లేదు.

"ఇస్తానండి," అన్నాను. "తిరిగి అడగను. ఒక్కసారి దాన్ని ఆ కారుకి బిగించి స్టార్టు చేసేటప్పుడు నన్ను పిలవండి. పక్కన నిలబడతాను. ఇంజను విని వచ్చేస్తాను."

ఇమ్మానియేలు నా మొహంలోకి చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి కోదండపాణి గారి పక్కన వేశాడు. ఆయన దానిలోకి మారలేదు.

"పిలవకూడదండి," అన్నారు నెమ్మదిగా. "దాత కుటుంబాన్నీ గ్రహీతనూ కలపకూడదు. ఇరవై రెండో నిబంధన."

"సరే, పిలవొద్దు. గేటు బయట నిలబడతాను."

"మీరు అక్కడ ఉన్నారని నాకు తెలిస్తే కలిపినట్టే లెక్కండి." ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నారు. "అదొక్కటే అయితే ఏదో ఒకలా సర్దేవాణ్ణి మేడం. నిజంగా సర్దేవాణ్ణి. కానీ ఒక గ్రహీతకు కేటాయించిన అవయవాన్ని ఇంకొకరికి మార్చాలంటే మొదటి గ్రహీత రాతపూర్వకంగా వదులుకోవాలి. మీ కారు రికార్డుల్లో చనిపోయింది. చనిపోయినవారు వదులుకోలేరు. చనిపోయినవారికి అనుమతి ఎలా వచ్చిందని ఆడిటులో అడిగితే నా ఉద్యోగం పోతుంది. అందుకని అనుమతి రద్దు చెయ్యడానికీ లేదు, మార్చడానికీ లేదు."

"మరి ఏం చేద్దామండి?"

"స్పష్టత కోరదామండి," అన్నారు.

ఆ సాయంత్రం భుజంగరావు గారు కూడా ఫోను చేశారు. ఎవరో చెప్పకుండా, ఒక పాత కారు ప్రేమికుడిగా మాట్లాడుతున్నానన్నారు. తనకు అభ్యంతరం లేదనీ, నేను వచ్చి వింటే తనకు సంతోషమేననీ, కానీ ఆ నియమావళి పెట్టిన మండలికి తానే ఛైర్మననీ అన్నారు. తర్వాత ఆయన, "డైనమో ఎండలో పెట్టినందుకు బాగా పనికొచ్చిందండి. లోపల ఎక్కడా తుప్పు లేదు," అన్నారు. మావారికి చెబుతానని అనబోయి, సరేనన్నాను.

స్పష్టత కోరుతూ ఫైలు పైకి వెళ్ళింది. జవాబు రాలేదు. కార్బురేటరు మా ఇంట్లో ఉంది. డైనమో, రేడియేటరు, హెడ్‌లైట్లు వారి ఇంట్లో ఉన్నాయి. మధ్యలో రెండు వీధులు. ఇంజను ఇంకా ఎవరూ స్టార్టు చెయ్యలేదు.